ఎక్స్-రేనా, క్రయో-ఈఎమ్మా: ప్రొటీన్ రూపం చూడాలంటే ఏది మేలు?

జబ్బుకు కారణమైన ప్రొటీన్ ఆకారం తెలిస్తే మందు వెతకడం చాలా సులువవుతుంది. ఆ ఆకారం చూడటానికి ముఖ్యంగా రెండు దారులున్నాయి.

ఎక్స్-రే క్రిస్టలోగ్రఫీ పాతది. ప్రొటీన్‌ను స్ఫటికంగా కట్టించి, దాని మీదికి ఎక్స్-రేలు పంపి, అవి చెదిరే తీరును బట్టి ఆకారం లెక్కగడతారు. 1962లో శాస్త్రవేత్తలు పెరూట్జ్, కెండ్రూలకు నోబెల్ తెచ్చిపెట్టింది ఇదే. ఇందులో అసలు టెన్షన్ స్ఫటికం దగ్గరే. ఉప్పు, ఆమ్లత మార్చి మార్చి వందల రకాల ద్రావణాల్లో చిన్న చిన్న బొట్లు పెట్టి ఎదురుచూడాలి. కొన్ని ప్రొటీన్లు నెలలు గడిచినా స్ఫటికం కట్టవు. కట్టాయా, ఇక తిరుగులేదు. మందు అణువు ఏ గుంటలో కూర్చుందో, దేనితో బంధం కలిపిందో తేటగా కనిపిస్తుంది. ఎయిడ్స్ వైరస్ పెరగడానికి కావాల్సిన ఎంజైమ్, హెచ్‌ఐవీ ప్రొటియేజ్ రూపం 1989లో ఇలాగే తేలింది. దాన్ని అడ్డుకునే సాక్వినవిర్ అనే మందుకు 1995లో అమెరికాలో అనుమతి వచ్చింది.

రెండోది క్రయో-ఈఎమ్, అంటే ప్రొటీన్‌ను అతిచల్లగా గడ్డకట్టించి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో చూడటం. దీనికి స్ఫటికంతో పనిలేదు. ప్రొటీన్ ద్రావణాన్ని పల్చటి పొరగా చేసి, చల్లటి ద్రవ ఈథేన్‌లో చటుక్కున ముంచుతారు. మంచు పలుకులు కట్టేలోపే నీరు గాజులా గట్టిపడుతుంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ తీసిన వేలాది బొమ్మల్లోంచి ప్రొటీన్లను ఏరి, కంప్యూటర్ ఒక రూపం కడుతుంది. స్ఫటికం కట్టని, కణపొరల్లోని మొండి ప్రొటీన్లకు చాలాసార్లు ఇదే దిక్కు. మిరపకాయ మంటను పసిగట్టే టీఆర్‌పీవీ1 అనే ప్రొటీన్ రూపం 2013లో ఇలాగే చిక్కింది. యంత్రం ఖరీదు మాత్రం భారీ. పైగా మరీ చిన్న ప్రొటీన్లు దీనికి సరిగా అందవు.

నా మట్టుకు, చిన్న ఎంజైమ్‌కు రకరకాల మందు అణువులు అతికించి చూడాలంటే ఎక్స్-రేనే. పెద్ద, కదిలే ప్రొటీన్ అయితే క్రయో. కణంలో ప్రొటీన్లు తయారుచేసే రైబోజోమ్ రూపాన్ని స్ఫటికాలతో తేల్చి 2009లో నోబెల్ అందుకున్న వెంకీ రామకృష్ణన్ ల్యాబ్ కూడా తర్వాత క్రయో వైపే మళ్లింది.