రేడియో మూగబోతే రాడార్ మేలా, ప్రొసీజరల్ మేలా?

ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ వారి ఏటీసీ (నేలమీద నుంచి విమానాల రాకపోకలను నడిపే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్) ఉద్యోగాల పరీక్షకు విజయవాడలోనూ గుంటూరులోనూ చదువుకుంటున్న పిల్లలు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. విమానంతో రేడియో సంబంధం తెగిపోయినప్పుడు రాడార్ తెర చూస్తూ విమానాల మధ్య పాటించే ఐదు నాటికల్ మైళ్ల (సుమారు తొమ్మిది కిలోమీటర్ల) ఎడం ఎక్కువ భద్రమా, లేక తామెక్కడున్నామో పైలట్లు చెప్పే పొజిషన్ రిపోర్టులనూ గడియారాన్నీ నమ్ముకుని పాటించే ప్రొసీజరల్ ఎడం ఎక్కువ భద్రమా అని. రెండింటి నిర్వచనాలూ అడిగేవారికి తెలిసినవే. చాలామంది ఏది ఎక్కువ స్పష్టంగా చూపిస్తుందన్న దాన్నిబట్టి తీర్పు చెబుతారు. నా దృష్టిలో తేల్చవలసిన విషయం వేరు: ఇకమీదట ఒక్క మాట కూడా చెప్పే వీలు లేకపోతే, ఇప్పుడున్న ఎడం ఎంతసేపు నిలుస్తుంది?

చెరి 450 నాట్ల (గంటకు 450 నాటికల్ మైళ్ల) వేగంతో ఎదురెదురుగా వస్తున్న రెండు జెట్ విమానాల మధ్య దూరం నిమిషానికి 15 నాటికల్ మైళ్ల చొప్పున తరిగిపోతుంది. అంటే ఐదు మైళ్లకు పట్టేది 20 సెకన్లు. నేలమీద అది తక్కువ దూరమేమీ కాదు. ప్రకాశం బ్యారేజీకీ మంగళగిరి కొండకూ మధ్య సుమారుగా అంతే ఉంటుంది. ప్రొసీజరల్ పద్ధతిలో అదే వేగంతో ఒకే మార్గంలో పది నిమిషాల ఎడంతో పోయే విమానాల మధ్య 75 నాటికల్ మైళ్లుంటాయి, గాలిలో గీత గీసి కొలిస్తే విజయవాడ నుంచి రాజమండ్రికి ఉన్నంత. ఎదురెదురు విమానాలను ఒకే దిక్కున పోయేవాటితో పోల్చడం న్యాయం కాదని అనవచ్చు. సరే, రెండూ ఒకే దిక్కున పోతూ వెనుకది 30 నాట్లు ఎక్కువ వేగంతో ఉన్నా, ఐదు మైళ్లు పది నిమిషాల్లో హరించుకుపోతాయి. 75 మైళ్లు తరగడానికి రెండున్నర గంటలు పడుతుంది.

రాడార్ ఎడం అంత చిన్నదిగా ఉండగలగడానికి కారణం, కంట్రోలర్ ఏ క్షణంలోనైనా మళ్లీ మాట్లాడి దిక్కు మార్చగలడన్న భరోసా. మాట పోతే ఆ భరోసా పోతుంది. ఐకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) నిబంధన ప్రకారం ఇన్‌స్ట్రుమెంట్ వాతావరణంలో, అంటే బయట సరిగా కనిపించక పరికరాలనే నమ్ముకోవలసినప్పుడు, రేడియో పోయిన విమానం చివరిగా అనుమతించిన ఎత్తునూ వేగాన్నీ రాడార్ ప్రాంతంలో 7 నిమిషాలూ, ప్రొసీజరల్ ప్రాంతంలో 20 నిమిషాలూ నిలుపుకుని, ఆ తరువాత ఫ్లైట్ ప్లాన్ ప్రకారం మార్చుకుంటుంది. రాడార్ కంట్రోలర్ ఆ కొద్ది గడువులోనే దాని దారిలో ఉన్న విమానాలన్నిటినీ తప్పించాలి.

రాడార్ బలం చిన్నదని నేను అనను. విమానం గుర్తునూ ఎత్తునూ రాడార్‌కు పంపే ట్రాన్స్‌పాండర్‌లో పైలట్ 7600 (రేడియో పోయిందని చెప్పే కోడ్) పెట్టగానే తెరమీద తెలిసిపోతుంది. మిగతా విమానాలు వింటూనే ఉంటాయి కాబట్టి వాటిని జరపవచ్చు. పైలట్‌కు వినిపిస్తూ జవాబు మాత్రం రాని సందర్భాల్లో "వినిపిస్తుంటే ఐడెంట్ నొక్కండి" అంటే తెరమీద గుర్తు వెలుగుతుంది, నోటిమాట లేకుండానే సంభాషణ సాగుతుంది. ప్రొసీజరల్ పద్ధతిలో ఈ సౌకర్యం లేదు. అయితే ఆ మాట సమయానికి గుర్తు రావాలి. మా తరగతిలో బల్ల మీద ఫ్లైట్ స్ట్రిప్పులు (ఒక్కో విమానం వివరాలు రాసే చీటీలు) పరిచి, పైలట్‌గా కూర్చున్న కుర్రాణ్ణి మధ్యలో మౌనంగా ఉండిపొమ్మని చెవిలో చెబుతాను. కంట్రోలర్‌గా ఉన్న అమ్మాయి ఒకసారి పిలిచింది, ఆగింది, మళ్లీ పిలిచింది, మూడోసారి గొంతు పెంచి పిలిచింది. గడియారం చూస్తే అరనిమిషం దాటింది. పైన చెప్పిన 20 సెకన్లు పిలుపులకే సరిపోయాయి.

ఒక విమానం కాక కంట్రోల్ కేంద్రమే మూగబోతే పరిస్థితి ఇంకా కఠినం. 2004 సెప్టెంబర్ 14న లాస్ ఏంజెలిస్ సమీపంలోని పామ్‌డేల్ కేంద్రంలో సరిగ్గా అదే జరిగింది. మాటల వ్యవస్థలోని కంప్యూటర్‌ను నెలకోసారి ఆపి తిరిగి నడపవలసి ఉండగా అది జరగలేదు. లోపల మిల్లీసెకన్ల లెక్క సున్నాకు చేరగానే వ్యవస్థ ఆగింది, అదనపు వ్యవస్థ కూడా వెంటనే పడిపోయింది. రాడార్ తెరలు వెలుగుతూనే ఉన్నాయి. వందల విమానాలు కళ్లముందు కదులుతుంటే వాటితో మాట్లాడే దారి మూడు గంటలకు పైగా లేదు. కనీసం ఐదు సందర్భాల్లో విమానాలు ఉండవలసిన ఎడం కన్నా దగ్గరికి వచ్చాయి. ప్రమాదం జరగకపోవడం అదృష్టమే, కానీ నేను రాడార్ ఎడాన్ని సమర్థించకపోవడానికి ముఖ్య కారణం ఈ సంఘటనే.

2006 సెప్టెంబర్ 29న బ్రెజిల్‌లో జరిగింది ఇంకా బాధాకరం. లెగసీ అనే చిన్న జెట్ 37,000 అడుగుల్లోనే ఉంది. బ్రసీలియా దాటాక ప్లాన్ ప్రకారం 36,000కు దిగవలసింది కాబట్టి తెరమీద 36,000 అంకె తనంతట తానే వచ్చింది. ఆ తరువాత దాని ట్రాన్స్‌పాండర్ ఆగిపోయింది, రేడియో సంబంధమూ తెగింది. ఎదురుగా 37,000లోనే వస్తున్న గోల్ సంస్థ ప్రయాణికుల విమానాన్ని అది ఢీకొనడంతో, గోల్ విమానంలోని 154 మందీ చనిపోయారు. అక్కడ రాడార్ ఉంది. లేనిది, ఎత్తు తెలియని విమానాన్ని తెలియనిదిగానే లెక్కించి ఎదుటి విమానాన్ని ముందే తప్పించే ప్రొసీజరల్ జాగ్రత్త.

రాడార్‌ను సమర్థించే ఎదుటి పక్షానికి మన దేశంలోనే బలమైన సాక్ష్యం ఉంది. 1996 నవంబర్ 12న చర్ఖీ దాద్రీ మీద సౌదీ బోయింగ్‌కు 14,000, కజకిస్థాన్ ఇల్యూషిన్‌కు 15,000 అడుగులు ఇచ్చారు. వెయ్యి అడుగుల ఎడం ఇచ్చినా, ఇల్యూషిన్ అనుమతి లేకుండా కిందికి దిగడంతో 349 మంది పోయారు. ఆనాటి ఢిల్లీ రాడార్ ఎత్తు చూపించేది కాదు. చూపించి ఉంటే కంట్రోలర్‌కు ఆ దిగడం కనిపించేది. అందుకే రాడార్‌ను తీసివేయమని నేను చెప్పడం లేదు, పైగా పది నిమిషాల ఎడంతో నేటి రద్దీ నడవదు కూడా. ఎడాన్ని ప్రొసీజరల్ పద్ధతిలో, అన్నిటికన్నా ముందు ఎత్తులో ఇచ్చి, దాన్ని రాడార్‌తో కనిపెట్టి ఉండాలన్నది నా మాట.

రేడియోకు బదులు వాడే దారుల్లో, టైపు చేసి పంపుకునే డేటా లింక్ సందేశాలు బంగాళాఖాతం మీద ఉపయోగకరం. దిగే విమానానికి టైపు చేసి జవాబు కోసం ఎదురుచూసే తీరిక ఉండదు. టవర్ నుంచి చూపే ఎరుపు, ఆకుపచ్చ లైట్లు కంటికి కనిపించేంత దూరం వరకే. ఢీకొనే ముప్పును పైలట్‌కు విమానంలోనే హెచ్చరించే టీకాస్ చివరి కాపలా, దాన్ని ఎడంగా లెక్కించకూడదు.

ఆ అమ్మాయి చేత తరువాతి వారం అదే అభ్యాసం మళ్లీ చేయించాను. రెండో పిలుపుకు జవాబు రాకపోయేసరికి ఆమె మూడోసారి పిలవలేదు. ఎదురు వస్తున్న విమానాన్ని వెయ్యి అడుగులు కిందికి దింపి, దాని స్ట్రిప్ మీద కొత్త ఎత్తు రాసి, అప్పుడు ఐడెంట్ నొక్కమని అడిగింది.