రంగుల స్మార్ట్ బల్బులు కొనేవాళ్లకు: నాలా ఎనిమిదీ ఒకేసారి కొనకండి

రంగు మార్చే స్మార్ట్ బల్బులు ఎనిమిది కొన్నాను. డబ్బా మీద జిగ్బీ (స్మార్ట్ పరికరాలు వైర్లు లేకుండా మాట్లాడుకునే ఒక పద్ధతి) గుర్తు ఉంది. ‘స్మార్ట్ హబ్‌లతో పనిచేస్తుంది’ అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. అయినా అనుమానం తీరక, నా హబ్ (ఇంట్లోని స్మార్ట్ పరికరాలన్నిటినీ కలిపి నడిపే పెట్టె) పేరు చెప్పి అమ్మేవాళ్లను అడిగాను. "కలుస్తాయండీ, ఏ ఇబ్బందీ ఉండదు" అన్నారు. నిజంగానే కలిశాయి. రంగులే రాలేదు.

హబ్ యాప్‌లో ప్రతి బల్బూ మామూలు తెల్ల లైటుగా కనిపించింది. ఆన్ చేయొచ్చు, ఆఫ్ చేయొచ్చు, వెలుతురు పెంచి తగ్గించొచ్చు. రంగు ఎంచుకునే చోటు మాత్రం ఎక్కడా లేదు. తప్పు నాదే అనుకుని మూడు రోజులు రీసెట్ చేస్తూ, తీసేసి మళ్లీ జత చేస్తూ కూర్చున్నాను. చివరికి బల్బు కంపెనీకి రాస్తే అసలు సంగతి బయటపడింది. రంగులు పూర్తిగా రావాలంటే వాళ్ల బ్రిడ్జ్ (ఆ కంపెనీ సొంత హబ్ లాంటిది) కూడా కొనాలట. ఫర్మ్‌వేర్ (బల్బు లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్లు కూడా దాని ద్వారానే వస్తాయట. డబ్బా నాలుగు వైపులా వెతికాను, ఈ ముక్క ఎక్కడా లేదు. వెనక్కి ఇస్తానంటే అమ్మినవాళ్ల జవాబు: "హబ్‌లో ఆన్ అవుతున్నాయి కదా, లోపం ఏముంది?" డబ్బాలన్నీ విప్పేశాను కాబట్టి తీసుకోవడం కుదరదన్నారు.

ఇలా ఎందుకు జరుగుతుందో ముందే తెలిసి ఉంటే నేను కొనేదాన్ని కాదు. జిగ్బీ బల్బు హబ్‌లో చేరేటప్పుడు తన మోడల్ ఏమిటో, తాను ఏమేం చేయగలదో చెబుతుంది. ఆ మోడల్‌కు సరిపోయే డ్రైవర్ (దాన్ని నడిపే ప్రోగ్రామ్) హబ్‌లో లేకపోతే, హబ్ దాన్ని సాదా డిమ్మర్ లైటుగా రాసుకునే అవకాశం ఉంది. పైగా రంగును చెప్పే పద్ధతి కూడా ఒక్కటి కాదు. కొన్ని హబ్‌లు వర్ణం, గాఢత అనే రెండు అంకెలతో పంపుతాయి. కొన్ని బల్బులు వేరే తరహా అంకెలనే సరిగ్గా అందుకుంటాయి. పాత జిగ్బీలో లైట్లకు ఒక ప్రొఫైల్ (నియమాల సెట్టు), ఇంటి ఆటోమేషన్‌కు ఇంకో ప్రొఫైల్ ఉండేవి. వాటిని కలపడానికే జిగ్బీ 3.0 వచ్చింది, కానీ పాత సరుకు ఇంకా చేతులు మారుతూనే ఉంది. కాబట్టి జిగ్బీ గుర్తు చూసి నిశ్చింతగా ఉండకండి.

రంగులు రాకపోతే రాకపోయాయి, సర్దుకుందామనుకున్నాను. నాకు నిజంగా కోపం తెప్పించింది తర్వాత జరిగింది. మా అమ్మ రాత్రి లేచి బాత్రూమ్‌కు వెళ్లే దారిలో మోషన్ సెన్సర్ ఉంది. ఆమె నడవగానే చిన్న లైటు వెలగాలి. ఏడాదిగా ఒక్కసారి కూడా తప్పలేదు. ఈ బల్బులు పెట్టిన వారానికే సెన్సర్ స్పందించడం మానేసింది. అమ్మ చీకట్లో గోడ తడుముకుంటూ వెళ్లిందని పొద్దున తెలిసింది. బ్యాటరీ మార్చాను, లాభం లేదు.

కారణం ఈ బల్బులే. కరెంటు మీద నడిచే జిగ్బీ బల్బు సాధారణంగా రిపీటర్‌గా కూడా పనిచేస్తుంది, అంటే దగ్గర్లోని సెన్సర్ల సందేశాలను హబ్‌కు చేరవేస్తుంది. నా సెన్సర్ హబ్‌ను వదిలి దగ్గర్లోని కొత్త బల్బును పట్టుకుంది. ఆ బల్బు సందేశాలు అందుకుంటోంది, ముందుకు పంపడం లేదు. ఎవరైనా గోడ స్విచ్ ఆపేస్తే అదీ ఉండదు, ఆ దారే మూసుకుపోతుంది. ఇంట్లో వయసు మళ్లినవాళ్లు ఉండి, సెన్సర్లను నమ్ముకున్నవాళ్లు దయచేసి ఈ ఒక్క విషయం గట్టిగా గుర్తుపెట్టుకోండి. రిపీటర్‌గా సరిగ్గా పనిచేయని బల్బు కంటే అసలు రిపీట్ చేయని బల్బే నయం. ఆ దారిలో ఉన్న రెండు బల్బులూ తీసేసి, అక్కడ రిపీటర్‌గా పనిచేసే జిగ్బీ ప్లగ్ పెట్టి, సెన్సర్‌ను మళ్లీ జత చేశాక గానీ పరిస్థితి కుదుటపడలేదు.

ఇప్పుడు కొనేవాళ్లు హబ్ కంపెనీ ఇచ్చే జాబితాలో బల్బు పేరు మాత్రమే కాదు, మోడల్ నంబర్ అక్షరం అక్షరం సరిపోల్చండి. ఒకే పేరుతో వచ్చే పాత, కొత్త మోడళ్లు లోపల వేరుగా ఉండొచ్చు. ‘పనిచేస్తుందా’ అని అడగకండి. ‘మీ బ్రిడ్జ్ లేకుండా, నా హబ్‌కు నేరుగా కలిపితే రంగు మారుతుందా, ఇంటర్నెట్ ఆగినా మారుతుందా’ అని అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. ఎందుకంటే వైఫై బల్బుల్లో చాలావాటికి ఆదేశం కంపెనీ సర్వర్ చుట్టూ తిరిగి వస్తుంది. దాన్ని కూడా ‘హబ్‌తో పనిచేస్తుంది’ అనే రాస్తారు. వేర్వేరు కంపెనీల పరికరాలు కలిసి పనిచేయడానికి 2022లో వచ్చిన మ్యాటర్ అనే ఉమ్మడి ప్రమాణం ఈ బాధ కొంత తగ్గించింది. అయితే థ్రెడ్ (జిగ్బీ లాంటి మరో వైర్‌లెస్ పద్ధతి) మీద నడిచే మ్యాటర్ బల్బుకు ఇంట్లో థ్రెడ్ బోర్డర్ రౌటర్ (థ్రెడ్ పరికరాలను ఇంటి నెట్‌వర్క్‌కు కలిపే పరికరం) కూడా ఉండాలి. జెడ్-వేవ్ (ఇదీ ఒక వైర్‌లెస్ పద్ధతే) వాడేవాళ్లయితే బల్బు ఏ ప్రాంతం కోసం తయారైందో చూడండి. యూరప్ పరికరాలు 868, అమెరికా పరికరాలు 908 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తాయి, ఒకదానితో ఒకటి మాట్లాడుకోలేవు.

తెలుపు గురించి కూడా చెప్పాలి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎల్‌ఈడీలు మాత్రమే ఉన్న బల్బు ఆ మూడింటినీ కలిపి తెలుపు చూపిస్తుంది. ఆ వెలుగులో మనుషుల ముఖాలు పాలిపోయినట్టు ఉంటాయి, చదువుకోవడం కష్టం. తెలుపుకు విడిగా ఎల్‌ఈడీలు ఉన్నాయా, 2700 కెల్విన్ (పసుపు ఛాయ తెలుపు) నుంచి 6500 కెల్విన్ (నీలి ఛాయ తెలుపు) వరకు మారుతుందా అని చూడండి. కరెంటు పోయి వచ్చాక బల్బు పాత స్థితికి వెళ్లేలా సెట్ చేసుకోవచ్చో లేదో కూడా కనుక్కోండి. అర్ధరాత్రి ఎనిమిది బల్బులూ ఒక్కసారిగా పూర్తి వెలుతురుతో వెలిగితే ఇంటిల్లిపాదీ ఉలిక్కిపడి లేస్తారు, మా ఇంట్లో రెండుసార్లు జరిగింది.

ఇప్పటికే ఆర్డర్ పెట్టేసినవాళ్లు, వచ్చినవాటిలో ఒక్క డబ్బా మాత్రమే విప్పండి. ఆ ఒక్క బల్బునూ హబ్‌కు కలిపి రంగు మార్చి చూడండి, ఇంటర్నెట్ తీసేసి మళ్లీ మార్చండి, తర్వాత నాలుగైదు రోజులు పక్కనున్న సెన్సర్లను గమనించండి. రిటర్న్ గడువు ఎన్ని రోజులో ముందే చూసుకుని, అది ముగిసేలోపు ఇదంతా చేయండి. మిగతా డబ్బాల సీలు అప్పటిదాకా కదపకండి.