సినగాగ్ తరఫునా, సొంత సభ్యత్వంతోనా?

సామాజిక న్యాయం కోసం పనిచేయాలనుకునే అమెరికా యూదు లాయర్లకు, డాక్టర్లకు, టీచర్లకు ప్రధానంగా రెండు దారులున్నాయి.

మొదటిది, తమ సినగాగ్‌ను (యూదుల ప్రార్థనా మందిరాన్ని) చర్చిలు, మసీదులు ఉన్న కూటమిలో చేర్చడం. ప్రజలను కూడగట్టే అమెరికా కార్యకర్త సాల్ అలిన్‌స్కీ 1940లో మొదలుపెట్టిన ఇండస్ట్రియల్ ఏరియాస్ ఫౌండేషన్ అనే సంస్థ పద్ధతి ఇది. 2006 నాటి మసాచుసెట్స్ ఆరోగ్య బీమా చట్టం కోసం బోస్టన్ కూటమి ఇలాగే కదిలింది. అసలు పనంతా ముఖాముఖి మాటల్లోనే: ఇద్దరే కూర్చుని అరగంట నుంచి ముప్పావుగంట. అడగాల్సింది అభిప్రాయాలు కాదు, ఇంట్లో నిద్ర పట్టనివ్వనిదేమిటో. అమ్మ నర్సింగ్ హోమ్ బిల్లు, కొడుకు అద్దె బయటికొచ్చేది అప్పుడే. చదువుకున్నవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు: ఎదుటివారి మాట పూర్తికాకముందే పరిష్కారం చెప్పేస్తారు. కూటమికి కట్టే చందాకు సినగాగ్ బోర్డు ఒప్పుకోవాలి, ఆలస్యం తప్పదు. అబార్షన్ లాంటి, కూటమిలో ఏకాభిప్రాయం కుదరని విషయాలు పక్కకు పోతాయి. శుక్రవారం సాయంత్రం సభ పెడితే సబ్బాత్ (అప్పుడే మొదలయ్యే యూదుల వారపు విశ్రాంతి దినం) పాటించేవారు రారు.

రెండోది, న్యూయార్క్‌లోని 'జ్యూస్ ఫర్ రేషియల్ అండ్ ఎకనామిక్ జస్టిస్' లాంటి సంఘంలో నేరుగా చేరడం. ఇంటిపనివారి హక్కుల కోసం అది యజమానులనే కూడగట్టింది. 2010లో చట్టం వచ్చింది. ఓవర్‌టైమ్, వారానికో సెలవు దక్కాయి. నిర్ణయాలు వేగంగా జరుగుతాయి, కానీ చేరేది ముందే సంఘం అభిప్రాయాలను ఒప్పుకున్నవాళ్లే.

సినగాగ్‌లో ఇప్పటికే నలుగురు తెలిసుంటే మొదటిదే మేలు. లేదంటే రెండోది.