వాన లెక్కకు ఏది మేలు: సీసాలో నీళ్లా, టిప్పింగ్ బకెట్టా, మండలం అంకెలా?

మృగశిర కార్తె వచ్చిందంటే కోస్తాలో ఈ ప్రశ్న మళ్లీ మొదలవుతుంది. చేను దగ్గరో రొయ్యల చెరువు గట్టునో పడిన వానను రోజూ రాసుకోవాలి. చేత్తో కొలిచే రెయిన్‌గేజ్ (గరాటా, కింద సీసా) చాలా, ఫోన్‌కి అంకె పంపే ఆటోమేటిక్ మీటరు (టిప్పింగ్ బకెట్) కొనాలా, లేక మండలం వాన స్టేషన్ అంకెలూ రాడార్ బొమ్మలూ చూసుకుంటే సరిపోతుందా?

అడిగేవాళ్లందరి వానా ఒకటి కాదు. నెల్లూరులో అసలు వాన అక్టోబరు, డిసెంబరు మధ్య ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. అందులో పెద్ద వాటా వాయుగుండాలు పట్టిన కొద్ది రోజుల్లోనే దిగిపోతుంది. శ్రీకాకుళం, విజయనగరం వైపు జూన్ నుంచే సాయంత్రపు ఉరుముల వానలు, మధ్యమధ్య అల్పపీడనం ముసుర్లు. అయినా ఏ పరికరం మేలో తేల్చే ప్రశ్న మాత్రం అందరికీ ఒకటే: కొలిచాక ఆ నీళ్లు ఎక్కడున్నాయి?

చేతి గేజ్ నీళ్లను దాచిపెడుతుంది. అనుమానం వస్తే మళ్లీ కొలుచుకోవచ్చు. టిప్పింగ్ బకెట్ లెక్కపెట్టి కింద పారబోస్తుంది, లెక్క తప్పితే సరిచూసుకోవడానికి చుక్క మిగలదు. మండలం స్టేషన్లో పడినవి వేరే ఊరి నీళ్లు. రాడార్ అసలు నీళ్లను ముట్టుకోదు. రోజుకు పడిన మొత్తం వాన తెలియాలంటే చేతి గేజ్‌కే మా ఓటు. మిగతావాటికి వేరే పనులున్నాయి.

చేతి గేజ్‌లో ముందు చూడాల్సినవి మూతి కొలత, సీసా సైజు. వాతావరణ శాఖ వాడే ఫైబర్ గేజ్‌లలో 200 చదరపు సెంటీమీటర్ల మూతిది ఒక రకం, 100ది మరో రకం. 200 మూతి మీద 1 మి.మీ. వాన పడితే సీసాలోకి 20 మిల్లీలీటర్లు దిగుతాయి. ఈ లెక్కన 2 లీటర్ల సీసా 100 మి.మీ.కి నిండుతుంది, 4 లీటర్లది 200కి, 10 లీటర్లది 500కి. శాఖ లెక్కలో 24 గంటల్లో 64.5 మి.మీ. నుంచి భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.5 నుంచి అత్యంత భారీ. అంటే 4 లీటర్ల సీసా సరిగ్గా అత్యంత భారీ వర్షం గడప దగ్గరికొచ్చి పొంగిపోతుంది. పొంగింది సీసా చుట్టూ ఉండే బయటి డబ్బాలో ఉంటుంది, దాన్నీ కలిపి కొలవాలి. డబ్బా కూడా పొంగితే ఆ రోజు లెక్క పోయినట్టే. తీరం వాళ్లు అక్టోబరు నుంచి పెద్ద సీసా, దానికి సరిపడే పెద్ద డబ్బా వాడటం మంచిది.

సీసా నీళ్లు పోసి చదివే కొలజాడీ విషయంలో జరిగే తప్పు ఒకటుంది. 100 మూతికి గీతలు పెట్టిన జాడీతో 200 మూతి నీళ్లు కొలిస్తే వాన రెట్టింపు కనిపిస్తుంది. జాడీ పగిలి కొత్తది తెచ్చాక ఊళ్లో ఉన్నట్టుండి ‘వానలు పెరిగాయి’ అంటే ముందు చూడాల్సింది జాడీ మీద రాసిన అంకె.

లోపల సన్నగొట్టం ఉండే నాలుగంగుళాల ప్లాస్టిక్ గేజ్ కూడా నమ్మకమైనదే. గొట్టంలో ఒక అంగుళం, అంటే 25.4 మి.మీ. పడుతుంది. అది నిండాక బయటి గొట్టంలోకి పొర్లుతుంది. మొత్తం 11 అంగుళాలు, సుమారు 280 మి.మీ. కొనడం కుదరకపోతే 16 సెం.మీ. మూతి ఉన్న గట్టి గరాటా, కింద క్యాను చాలు. 16 సెం.మీ. వ్యాసానికి వైశాల్యం 201 చదరపు సెం.మీ. కాబట్టి అదే 20 మి.లీ. లెక్క పనిచేస్తుంది. జాడీ లేకపోతే వంటింటి ఎలక్ట్రానిక్ తూకం మీద తూచండి, ఖాళీ క్యాను బరువు తీసేశాక ప్రతి 20 గ్రాములూ ఒక మిల్లీమీటరు. గరాటా మూతిని మాత్రం కొలిచే కొనండి. 16 అనుకున్నది 15 ఉంటే ప్రతి వానా 12 శాతం తక్కువ చూపిస్తుంది. కూల్‌డ్రింక్ సీసా కోసి, పక్కన స్కేలు అతికించే పద్ధతి వద్దు. ఆ సీసా అడుగు గుంటలు గుంటలుగా ఉంటుంది, చిన్న వానలన్నీ ఆ గుంటల్లోనే పోతాయి.

గేజ్ ఎంత మంచిదైనా చోటు సరిగా లేకపోతే దండగ. మూతి నేలకు 30 సెం.మీ. ఎత్తున, ఎటూ వంగకుండా ఉండాలి. చుట్టుపక్కల చెట్టూ గోడా వాటి ఎత్తుకు కనీసం రెండింతల దూరంలో ఉండాలి. 15 మీటర్ల కొబ్బరిచెట్టుకు 30 మీటర్లన్నమాట. కోనసీమలో ఇంత ఖాళీ పెరట్లో దొరకదు. కళ్లమో బడి ఆటస్థలమో చూసుకోవాలి. మేడ మీద పెడితే గాలి పిట్టగోడను తాకి పైకి లేచి చినుకుల్ని మూతి మీదుగా ఎగరేసుకుపోతుంది, గాలివాన రోజుల్లోనే ఎక్కువ తక్కువవుతుంది. తప్పదనుకుంటే అంచున కాదు, డాబా నడుమ. పల్లపు చేలో వరద గరాటా దాకా వస్తే ఆ అంకె కొట్టేయాలి.

చదివే వేళ ఉదయం 8:30. జాడీని చదునైన చోట పెట్టి, కన్ను నీటిమట్టానికి దించి, నీటి పైతలం వంపు అడుగు చూడాలి. వచ్చిన అంకె ఆ ఉదయం తేదీ మీదకు వెళ్తుంది. నిన్న సాయంత్రం పడిన వాన ఈరోజు తేదీతో ఉంటుంది. అంకెలు కలవడం లేదన్న తగాదాల్లో సగం ఇక్కడే పుడతాయి. విజయవాడను ముంచిన 2024 ఆగస్టు 31 వాననే తీసుకోండి. ఆ ఉదయం 8:30 తరువాత పడిందంతా రికార్డులో సెప్టెంబరు 1 కింద ఉంటుంది. పడని రోజు 0 రాయండి, చూడని రోజు గీత పెట్టండి. ఊరెళ్లి వచ్చి మూడు రోజుల నీళ్లు 42 మి.మీ. ఉంటే 14 చొప్పున పంచకండి, ‘మూడు రోజులకు 42’ అని రాయండి.

ఇక టిప్పింగ్ బకెట్. దీని గొప్పంతా వేళ చెప్పడంలో ఉంది. రాత్రి రెండుకు మొదలై నలభై నిమిషాల్లో 55 మి.మీ. కొట్టిందా, తెల్లార్లూ ముసురుగా కురిసి 55 అయిందా అన్నది సీసా చెప్పలేదు. చేలో మట్టి కోత, మురుగు కాలవ పొంగు తేలేది ఆ తేడాతోనే. అది కావాలంటే బకెట్ తప్ప దారి లేదు. మరి అది చూపే మొత్తాన్ని ఎందుకు నమ్మకూడదు?

లోపల రెండు చిన్న దొప్పలు ఉయ్యాలబల్లలా ఉంటాయి. ఒకటి నిండి వాలగానే అయస్కాంతం రీడ్ స్విచ్ (అయస్కాంతం దగ్గరికొస్తే కలిసే చిన్న స్విచ్) దాటుతుంది, ఒక లెక్క పడుతుంది. లెక్కకు 0.2 మి.మీ. అనుకుంటే, గంటకు 100 మి.మీ. వేగంతో కొట్టే వానలో ప్రతి 7.2 సెకన్లకు ఒకసారి వాలాలి. వాలడానికి అర సెకను పడితే అందులో దాదాపు సగం సేపు ధార నిండిన దొప్పలోకే పోతుంది, ఆ నీళ్లు లెక్కలోకి రావు. నష్టం 3 శాతం పైమాటే. వేగం గంటకు 200 అయితే 7 దాకా వెళ్తుంది. అంటే వాన ఉధృతి పెరిగేకొద్దీ తక్కువ చూపిస్తుంది, సరిగ్గా మనకు లెక్క కావాల్సిన రోజునే. మంచి కంపెనీలు సాఫ్ట్‌వేర్లో దీన్ని సవరిస్తాయి, చవక మీటర్లలో చాలావాటికి ఆ సవరణ ఉండదు.

అసలు బెడద చెత్తతో. తీరంలో సరుగుడు ఆకులు సూదుల్లా గరాటా రంధ్రంలో దిగబడతాయి. మైనాలు రెట్ట వేస్తాయి, చీమలు దొప్ప కింద మన్ను పోస్తాయి, సాలీడు గూడు కడితే దొప్ప వాలనే వాలదు. ఉప్పుగాలికి స్విచ్ తీగలు పచ్చగా చిలుమెక్కుతాయి. గరాటా సగం మూసుకుపోతే ఫోన్లో తెలిసిపోతుంది: బయట వాన వెలిసి మూడు గంటలైనా పది నిమిషాలకో 0.2 వస్తూనే ఉంటుంది. మీటరును నిలబెట్టిన గొట్టం గట్టిగా బిగించకపోతే ఎండ కాసే రోజు కూడా గాలి ఊపుకు రెండు మూడు లెక్కలు పడతాయి. నెలకోసారి గరాటా ఊడదీసి పాత టూత్‌బ్రష్‌తో తుడవాలి. దొప్పల లోపలి వైపు వేలు పెట్టకండి, జిడ్డంటితే నీళ్లు పూసల్లా నిలిచి లెక్క మారుతుంది.

సరిచూడటం ఇలా. మూతి వైశాల్యం 200, లెక్కకు 0.2 మి.మీ. అయితే ఒక్కో వాలుకు 4 మి.లీ. కావాలి. సీసా మూతకు సూదితో రంధ్రం చేసి 400 మి.లీ. నీళ్లు అరగంటకు తక్కువ కాకుండా గరాటాలోకి వదలండి. 100 లెక్కలు రావాలి. 92 వస్తే దొప్ప ఎక్కువ నీళ్లకు గానీ వాలడం లేదని అర్థం. దొప్పల కింది రెండు మరల్నీ సమానంగా కొద్దిగా పైకి తిప్పి మళ్లీ పోయండి. మరలు లేని రకమైతే వచ్చిన ప్రతి అంకెనూ 100/92తో గుణించుకోవాలి. మీ మీటరు మూతి వేరే సైజైతే 4 మి.లీ. లెక్క మారుతుంది, ముందు అది కట్టుకోండి.

మండలం అంకెల సంగతి. ఏపీఎస్‌డీపీఎస్ (రాష్ట్ర అభివృద్ధి ప్రణాళిక సొసైటీ) ఆటోమేటిక్ స్టేషన్లు మండలాల్లో ఉన్నాయి, వాటి అంకెలు అందరికీ దొరుకుతాయి. వాయుగుండం ముసురులో పక్క ఊరి అంకె మీ అంకెకు దగ్గరగానే ఉంటుంది. ఉరుముల వాన అలా కాదు, ఊరి తూర్పున మడి నిండి పడమట దుమ్ము లేచే వాన అది. వరి చేనుకు ఎకరాకు 1 మి.మీ. అంటే నాలుగు వేల లీటర్ల పైన, 40 మి.మీ. తేడా వస్తే ఒక తడి తేడా వచ్చినట్టే. రొయ్యల చెరువుకు ఇంకా సూటిగా తగులుతుంది. 1.2 మీటర్ల లోతు, 10 పీపీటీ (వెయ్యి భాగాల్లో పది) ఉప్పదనం ఉన్న చెరువులో 100 మి.మీ. వాన కలిస్తే 9.2కి దిగుతుంది. మండలం అంకె 40 అని చదివి 9.7 అనుకుని కూర్చుంటే లెక్క తప్పుతుంది. పైగా నీళ్లను చిలికే ఏరియేటర్లు తిప్పి కలిపేదాకా వాన నీరు పైపొరలోనే తేలుతుంది. మండలం అంకె పనికొచ్చేది మీ గేజ్‌ను అనుమానించడానికి: ముసురు రోజున చుట్టూ మూడు మండలాలు 80 చూపి మీది 35 చూపితే గరాటా చూసి రండి.

విశాఖపట్నం, మచిలీపట్నం, శ్రీహరికోట డాప్లర్ రాడార్లు వచ్చే గంట, రెండు గంటల కోసం. ధాన్యం ఎత్తాలా, పట్టా కప్పాలా అన్న నిర్ణయానికి వాటిని మించింది లేదు. మొత్తం వాన మాత్రం వాటితో కట్టకండి. కాకినాడ అటు విశాఖకూ ఇటు మచిలీపట్నానికీ సుమారు 140 కి.మీ. దూరం. కిరణాన్ని నేలకు అర డిగ్రీ ఎత్తి పంపితే అక్కడికి చేరేసరికి అది రెండు కిలోమీటర్ల పైనే ఉంటుంది, దాని కింద ఏం జరిగిందో రాడార్‌కు తెలియదు. తెలిసింది కూడా, ప్రతిధ్వని నుంచి వానను కట్టే సూత్రాన్ని బట్టి మారుతుంది. 40 డీబీజెడ్ (ప్రతిధ్వని బలానికి కొలత) రంగును పాత మార్షల్–పామర్ సూత్రంతో కడితే గంటకు 11 మి.మీ. చిల్లర, ఉష్ణమండల వానల సూత్రంతో కడితే 21 పైన. బొమ్మ మీది వేళ యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక వేళలో) ఉంటే 5:30 గంటలు కలపడం మరిచి ‘మేఘం దాటిపోయింది’ అనుకునేవాళ్లూ ఉన్నారు. పైగా పెద్ద తుపానులో రాడారే మిగలకపోవచ్చు: 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తాకినప్పుడు విశాఖ రాడారే దెబ్బతింది.

ఇన్‌శాట్ ఉపగ్రహపు ఇన్‌ఫ్రారెడ్ బొమ్మల్లో తెల్లగా మెరిసేది మేఘం పైభాగపు చల్లదనం, కింద చినుకు పడుతుందన్న హామీ కాదు. ఫోన్ యాప్‌లో ‘నిన్న 12 మి.మీ.’ అని కనిపించేది చాలాసార్లు కంప్యూటర్ మోడల్ లెక్క, ఎవరూ కొలిచింది కాదు.

డబ్బు ఒకదానికే ఉంటే చేతి గేజ్ కొనండి. రెండోదానికి ఉంటే బకెట్ మీటరును దాని పక్కనే, రెండు మీటర్ల దూరంలో నాటండి. బకెట్ నుంచి వేళలు, సీసా నుంచి మొత్తం తీసుకోండి. నెలలో రెండు మొత్తాలూ 5 శాతం కన్నా ఎక్కువ తేడా వస్తే శుభ్రం చేయాల్సింది బకెట్‌నే.

తుపాను హెచ్చరిక వస్తే ముందురోజు ఉదయం 8:30కి సీసా ఖాళీ చేసి అంకె రాసి, పెద్ద సీసా మార్చండి. గరాటా ఊగకుండా బిగించండి. గాలి పెరగకముందే, వీలైతే సాయంత్రం 5:30కి ఒకసారి కొలిచి, వేళతో సహా రాసి, ఖాళీ చేయండి. ఆపైన బయటికి వెళ్లొద్దు, నీళ్లు సీసాలోనే ఉంటాయి. మర్నాడు 8:30కి రెండు కొలతలూ కలిపి ఆ తేదీ మీద వేయండి, డబ్బాలోకి పొంగిందేమైనా ఉంటే అదీ కలిపి.