ఓఈసీడీ ఉద్యోగ రక్షణ ఇండెక్స్ రివ్యూ: మంచి డేటానే, వాడే పద్ధతిలోనే ఉంది అంతా

కార్మిక చట్టాలు గట్టిగా ఉంటే నిరుద్యోగం పెరుగుతుందా లేదా అని వాదన వచ్చినప్పుడల్లా నేను ముందు ఓపెన్ చేసేది ఓఈసీడీ (ఎక్కువగా ధనిక దేశాలు సభ్యులుగా ఉన్న ఆర్థిక సహకార సంస్థ) వాళ్ళ ఈపీఎల్ ఇండెక్సే, అంటే ఉద్యోగ రక్షణ చట్టాలు ఎంత గట్టిగా ఉన్నాయో కొలిచే సూచీ. ఫ్రీ, లాగిన్ కూడా అక్కర్లేదు, 1985 నుంచి డేటా ఉంది. దేశానికో స్కోరు, 0 నుంచి 6 దాకా, స్కోరు ఎంత ఎక్కువుంటే అక్కడ మనిషిని ఉద్యోగంలోంచి తీసెయ్యడం అంత కష్టం అన్నమాట.

నాకు బాగా నచ్చింది ఏంటంటే ఆ స్కోరు ఎలా వచ్చిందో మొత్తం విప్పి చూపిస్తారు, 9 నెలలు పనిచేసినవాళ్ళకి నోటీసు ఎన్నాళ్ళివ్వాలి, 4 ఏళ్ళు చేస్తే ఎంత, 20 ఏళ్ళయితే ఎంత, పరిహారం ఎంత, ప్రొబేషన్ ఎన్నాళ్ళు, అన్యాయంగా తీసేశారని కోర్టులో తేలితే మళ్ళీ ఉద్యోగం ఇస్తారా ఇవ్వరా, అన్నీ ఉంటాయి. పైగా పర్మనెంట్ వాళ్ళ స్కోరు వేరు, టెంపరరీ వాళ్ళది వేరు. దీని అసలు బలం ఇదే.

స్పెయిన్ చూడండి. పర్మనెంట్ వాళ్ళని తీసెయ్యడం ఖర్చుతో కూడిన పని కాబట్టి కంపెనీలు ఏళ్ళ తరబడి టెంపరరీ కాంట్రాక్టులతోనే బండి నడిపించాయి, 2008 సంక్షోభం రాగానే ముందు రోడ్డున పడింది ఆ టెంపరరీ వాళ్ళే, 2013 కల్లా నిరుద్యోగం 26 శాతం దాకా పోయింది, కుర్రాళ్ళలో అయితే సగానికి పైనే. 2012లో అన్యాయపు తొలగింపు పరిహారాన్ని ఏడాది సర్వీసుకి 45 రోజుల జీతం నుంచి 33 రోజులకి తగ్గించారు. 2021 చివర్లో మాత్రం రూల్స్ బిగించారు, టెంపరరీ కాంట్రాక్టుల మీద. టెంపరరీ వాళ్ళ వాటా బాగా పడిపోయింది, నిరుద్యోగం మాత్రం పెరగలేదు. సడలిస్తేనే ఉద్యోగాలొస్తాయి అనేవాళ్ళు ఇది తప్పకుండా చూడాలి.

ఇక దీన్ని ఎలా వాడకూడదంటే, ఒకపక్క స్కోరు ఇంకోపక్క మొత్తం నిరుద్యోగం పెట్టి గ్రాఫ్ గీసేసి తీర్పు చెప్పెయ్యడం. స్కోరు అందరికంటే తక్కువుండే అమెరికాలో నిరుద్యోగం 2009 అక్టోబర్లో 10 శాతానికి వెళ్ళింది. పర్మనెంట్ వాళ్ళకి గట్టి రక్షణ ఉన్న నెదర్లాండ్స్‌లో ఈ మధ్య 4 శాతం దగ్గరే. 2009లో జర్మనీ జీడీపీ 5 శాతానికి పైగా పడిపోయినా ఉద్యోగాలు నిలబడ్డాయి, ఎందుకంటే పని గంటలు తగ్గించి పోయిన జీతంలో కొంత ప్రభుత్వమే ఇచ్చే కుర్జార్‌బైట్ పద్ధతి ఉంది, అది ఈ ఇండెక్స్‌లో ఎక్కడా కనపడదు. డెన్మార్క్‌లో ఇచ్చే నిరుద్యోగ భృతి కూడా ఇందులో లెక్కకి రాదు. అసలు 1994లో రూల్స్ సడలించమని సలహా ఇచ్చిన ఓఈసీడీయే 2006 కల్లా మొత్తం నిరుద్యోగం మీద ఈ రక్షణ చట్టాల ప్రభావం స్పష్టంగా లేదని ఒప్పుకుంది.

అందుకే దీని పక్కన పెట్టాల్సింది యువత నిరుద్యోగం, టెంపరరీ ఉద్యోగుల వాటా, ఒకసారి ఉద్యోగం పోతే ఎన్ని నెలలు ఖాళీగా ఉంటున్నారు అన్న లెక్కలు. ఎవరు లోపలున్నారు, ఎవరు గుమ్మం బయటే ఉండిపోయారు అనేది అక్కడే తెలుస్తుంది.

నా రేటింగ్ 5కి 4. ఒకటి కోశాను ఎందుకంటే ఇది ఎక్కువగా చట్టం ఏం రాసిందో కొలుస్తుంది, ఎంత అమలవుతోందో చెప్పదు, రికార్డుల్లోకే ఎక్కని పనివాళ్ళు ఎక్కువుండే దేశాలకి ఇది పెద్ద లోటే. డౌన్‌లోడ్ చేసేముందు వెర్షన్ చూసుకోండి, ఏ అంశాలు కలిపి స్కోరు వేశారన్నది వెర్షన్‌ని బట్టి మారుతుంది, వెర్షన్ 1 1985 నుంచి ఉంటుంది, వెర్షన్ 4 2013 నుంచే, రెండూ కలిపి ఒకే గీత మీద పెడితే చట్టం మారకపోయినా మారినట్టు కనిపిస్తుంది.