ఫుక్ తక్ చీ, థియాన్ హాక్ కెంగ్: గంటే టైముంటే ఏది?

రెండూ చైనా వలసదారులు కట్టుకున్న పాత గుళ్ళు, సింగపూర్ తెలోక్ అయ్యర్ వీధిలోనే, నడిచే దూరంలో. ఒకప్పుడు సముద్రం ఈ వీధి పక్కనే ఉండేది.

ఖర్చు: రెండింటికీ టికెట్ లేదు.

కట్టడం: ఫుక్ తక్ చీని 1824లో దక్షిణ చైనా నుంచి వచ్చిన హక్కా, కాంటనీస్ వలసదారులు కట్టుకున్నారు. చాలా చిన్నది. థియాన్ హాక్ కెంగ్ 1839-42లో హొక్కియెన్లు (చైనాలోని ఫూజియన్ నుంచి వచ్చినవాళ్ళు) కట్టించిన గుడి. మేకులు వాడకుండా కొయ్యలో కొయ్య బిగించారు, కప్పు మీద డ్రాగన్లు. పైకి చూసి చూసి మెడ పట్టేస్తుంది!

ఇబ్బంది: థియాన్ హాక్ కెంగ్‌లో ఇప్పటికీ పూజలు జరుగుతాయి, ఫొటోలు తీసేటప్పుడు కాస్త చూసుకోవాలి. ఫుక్ తక్ చీ 1998 నుంచి మ్యూజియం, ఆ టెన్షన్ లేదు. పాత వీధి నమూనా బొమ్మ పిల్లలకు నచ్చుతుంది.

హక్కాల కథ కావాలంటే మొదటిది. చెక్క పని చూడాలంటే రెండోదే, అక్కడ గంట చాలదు.