నలుగురంటే భయపడేవారికి ఏ గ్రూపు థెరపీ?

సోషల్ యాంగ్జైటీకి గ్రూపు థెరపీ అనగానే సందేహం వస్తుంది: నలుగురంటే భయపడేవాణ్ని నలుగురిలో కూర్చోబెట్టడమా? అవును, మందు అక్కడే ఉంది.

అమెరికన్ సైకాలజిస్టు రిచర్డ్ హైంబర్గ్ రూపొందించిన కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ (సీబీటీ, అంటే ఆలోచనలనూ ప్రవర్తననూ మార్చే చికిత్స) గ్రూపులో సాధారణంగా అయిదారుగురు సభ్యులు, ఇద్దరు థెరపిస్టులు ఉంటారు. వారానికోసారి, 12 వారాలు, ప్రతిసారీ రెండున్నర గంటలు. చేతులు వణికితే అందరూ నవ్వుతారనుకునే వ్యక్తి అక్కడ అందరి ముందే గ్లాసులో నీళ్లు పోస్తాడు. మధ్యమధ్యలో తన భయం నూటికి ఎంతో చెబుతాడు. తర్వాత మిగతావాళ్లను అడిగితే, వణుకును గమనించనే లేదని కొందరంటారు. ఆ మాట ఎన్ని ఓదార్పులకైనా సాటిరాదు. ఇంటి దగ్గర చేయాల్సిన అభ్యాసమూ ఉంటుంది. దాన్ని ఎగ్గొట్టేవారికి ఈ పద్ధతి కలిసిరాదు.

ఇంటర్‌పర్సనల్ గ్రూపులో ఇలాంటి కసరత్తులు ఉండవు. ఒకరిపట్ల ఒకరికి ఆ క్షణాన ఏమనిపిస్తోందో చెప్పుకోవడమే పని. దగ్గరితనమే కష్టమైనవారికి ఇది నప్పవచ్చు. కాకపోతే మౌనంగా మూలన దాక్కోవడం ఇక్కడ తేలిక.

నా మొగ్గు మొదటిదానికే. పరిశోధనల బలమూ దానికే ఎక్కువ. అయితే బ్రిటన్‌లో ఏ జబ్బుకు ఏ చికిత్సో సూచించే నైస్ సంస్థ 2013 మార్గదర్శకాలు గ్రూపు కన్నా వ్యక్తిగత సీబీటీనే ముందు సూచించాయి. గ్రూపులోనే చేరదలిస్తే, ముందుగా థెరపిస్టుతో ఒకసారి విడిగా మాట్లాడండి.